అమ్మ లేచి నిలబడినప్పుడు

మా అన్న హూగ్లీ అవతల లిలువాలో కొత్తగా కొనుక్కున్న ఫ్లాట్‌లోకి దిగే ముందు పెద్దలకు పెట్టుకున్నాం. మాలో ఏ శుభకార్యం జరగాలన్నా ముందు పోయినవాళ్లకు చెప్పుకోవాలి. గోడకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దాని కింద కొత్త బట్టలూ వండినవన్నీ ఉంచుతారు. ఇంట్లో పెద్దావిడ సాంబ్రాణి వేసి, పోయినవాళ్లను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తుంది. వచ్చి, తిని, పిల్లల్ని దీవించి వెళ్లమంటుంది. మా నాయనమ్మ పోయినప్పటి నుంచీ ఆ పిలుపు మా అమ్మదే.

ఆ రోజు అమ్మ పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేల మీద కూర్చుని చాలాసేపు గారెలు వేసింది. అన్నీ సర్దాక మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచి, కొంగు నెత్తిన కప్పుకుని, చేతులు జోడించి పిలవడం మొదలుపెట్టింది. మా నాన్నను పిలిచింది. ఆ వెంటనే మా అన్నను పిలిచింది.

"ఒరే నాయినా, నువ్వూ రారా. తినీసి ఎల్లు."

కొబ్బరికాయ పట్టుకుని పక్కనే నిలబడ్డ అన్న చెయ్యి అలాగే ఆగిపోయింది. మా వదిన గట్టిగా అరిచింది.

"ఒలమ్మో! బతికున్న మనిషిని పిల్చీసినాది! నా పసుపూ కుంకమా ఏటైపోను!"

అమ్మ గోడ పట్టుకుని అందరి వంకా చూసింది. మమ్మల్ని చూస్తున్నట్టే లేదు. కాసేపటికి "ఏటైనాది? ఏల అరుస్తున్నారు?" అని అడిగింది. తాను ఏమన్నదో ఆమెకు నిజంగా తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా. పూజ ఎలాగో పూర్తిచేసి, ఎవరి భోజనం వాళ్లు తలవంచుకుని తిన్నాం.

ఆ దసరా దాటాక మా అన్న కూతురి పెళ్లి. ఆ పెళ్లికి ముందు మళ్లీ పెద్దలకు పెట్టాలి. అమ్మతో మాత్రం పిలిపించేది లేదని వదిన తెగేసి చెప్పింది. ఆమెను నేను తప్పుపట్టలేను. భర్త పేరు పోయినవాళ్ల వరుసలో వింటే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. అన్న ఇంకో మాట అన్నాడు. "అమ్మకి మతి పోతంది. నువ్వు పగలంతా పనికి ఎల్లిపోతావు. ఒక్కర్తినీ ఒగ్గీకూడదు. మా కాడికి తీసుకొచ్చీ, తలుపేసుకుని ఉంటాది."

తలుపేసుకుని ఉండడం అమ్మకు చావుతో సమానం. గార్డెన్ రీచ్‌లో మా మేడమీది వసారాలో కూర్చుంటే కింద సందులో వెళ్లే ప్రతి మనిషీ ఆమెను పలకరించాల్సిందే. ఓడలు ఆగే డాక్‌లో పనికని మా నాన్నతోపాటు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాల్లో ఎవరి తాత ఎవరికి ఏమవుతాడో ఆమె నోటిమీదే ఉండేది. పిల్లల్ని ఇచ్చిపుచ్చుకునేవాళ్లు వరస కుదురుతుందో లేదో ముందు ఆమెను అడిగేవాళ్లు. లిలువా సంగతి ఎలా పాకిందో, ఆ తర్వాత అడగడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అమ్మ వసారాలో కూర్చుని సందు చివరికి చూస్తూ ఉండేది. ఒకరోజు నన్ను అడిగేసింది.

"ఏటే, నాకు పిచ్చెక్కిందని సెప్పుకుంటన్నారా?"

"ఎవరన్నారమ్మా?"

"ఎవులూ అన్లేదు. అందికే అడుగుతున్నాను."

నేను లెక్కల మనిషిని. బడి చదువు ఎనిమిదితో ఆగింది. మటియాబుర్జ్‌లో పిల్లల బట్టలు కుట్టించే ఒక కార్ఖానాలో బట్ట లెక్క కట్టడం నా పని. ఎంత తానులో ఏ కొలతవి ఎన్ని చొక్కాలు దిగుతాయో, ముక్క ఎంత మిగులుతుందో కత్తెర పడకముందే చెప్పాలి. ఎవరూ నేర్పలేదు. పాత కాగితాల మీద గీసుకుని, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. ఆ పనిలో నాకు బాగా ఒంటబట్టిన విషయం ఒకటుంది. బనీను బట్ట తానును లాగి చుడతారు. విప్పగానే కొలిస్తే పొడవెక్కువ చూపిస్తుంది. ఆ లెక్కతో కత్తిరిస్తే చొక్కాలన్నీ పొట్టివవుతాయి. రాత్రంతా పరిచి వదిలేస్తే బట్ట తన అసలు పొడవుకు వస్తుంది. అందుకే లెక్క తప్పిందని ఎవరైనా అంటే, బట్ట మంచిదా చెడ్డదా అని నేను అడగను. ఎలా ఉండగా కొలిచారని అడుగుతాను.

అమ్మ విషయంలోనూ నన్ను నేను అదే అడిగాను. వసారాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నప్పుడు ఆమెకు అన్నీ గుర్తున్నాయి. మా నాన్న ఏ ఓడ నుంచి ఏ సరుకు దించినప్పుడు కాలు విరగ్గొట్టుకున్నాడో, ఆ రోజు ఇంట్లో ఏం కూరో కూడా చెబుతుంది. మరి లిలువాలో ఏమైంది? ఉపవాసం ఉంది కదా, కడుపు ఖాళీ అయి బుర్ర పనిచేయలేదేమో అనుకున్నాను. ఆ జవాబు దొరికినందుకు ఎంత సంతోషించానో! వేళకు అన్నం పెడితే సరిపోతుందని అన్నకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

నా లెక్క నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఒక ఆదివారం కడుపునిండా భోంచేసి అమ్మ పడుకుంది. ఎవరో తలుపు కొట్టారు. గబుక్కున లేచి వెళ్లి తీసింది. వచ్చింది పక్కింటావిడ. రోజూ మాట్లాడుకునే మనిషి. అమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "ఎవులు కావాలమ్మా? ఇది ఎవులిల్లు?" అంది. అని, తలుపు చట్రానికి ఆనుకుపోయింది. నేను పరుగెత్తుకెళ్లి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాను. కొంచెంసేపటికి పక్కింటావిడను పేరుపెట్టి పిలిచి, వాళ్లబ్బాయి జ్వరం తగ్గిందా అని అడిగింది.

అన్నం తిన్నా ఇలాగే జరిగిందంటే ఇక అన్న అన్నదే నిజం కావచ్చనిపించింది.

మా పేటలో వారానికోసారి వచ్చి చూసే డాక్టరమ్మ ఉంది. బెంగాలీ పిల్ల, చిన్న వయసు. అమ్మను ఆవిడ దగ్గరకు తీసుకెళ్లాను. జ్ఞాపకశక్తికి పరీక్షంటూ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మూడు వస్తువుల పేర్లు చెప్పింది, మళ్లీ అడుగుతానంది. గడియారం బొమ్మ గీయించింది. వందలోంచి ఏడేడు చొప్పున తీసేస్తూ పొమ్మంది. అమ్మ బెంగాలీ డాక్ బెంగాలీ. అందులోనే గబగబా తీసేస్తూ పోయి, మధ్యలో నా వైపు తిరిగి తెలుగులో అంది.

"ఈ పిల్ల నన్ను లెక్కలడుగుతంది, రోగం అడగదేటి?"

మూడు పేర్లూ తిరిగి చెప్పింది. డాక్టరమ్మ నవ్వి నన్ను అడిగింది.

"దీదీ, బాగానే చెప్పారు కదా. ఎప్పుడెప్పుడు తప్పారో చెప్పండి."

నేను గుర్తుపెట్టుకున్నవన్నీ చెప్పాను. పూజ దగ్గర, తలుపు దగ్గర, కొళాయి దగ్గర, ఒక తెల్లవారుజామున నన్ను మా మేనత్త అనుకున్నప్పుడు. ఏ పూట, ఏం తింది, నిద్ర పట్టిందా లేదా, అన్నీ చెప్పాను.

"సరే. తప్పడానికి కాస్త ముందు ఏం చేస్తున్నారు?"

"అంటే?"

"పడుకుని ఉన్నారా? కూర్చుని ఉన్నారా?"

పూజకు ముందు నేల మీద కూర్చుని గారెలు. తలుపు తీయడానికి ముందు పడక. కొళాయి దగ్గర వంగి బిందె నింపుతోంది. తెల్లవారుజామున అప్పుడే మంచం దిగింది. చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. ఇన్ని లెక్కలు కట్టిన దాన్ని, ఆ ఒక్కటీ చూడలేదు.

డాక్టరమ్మ అమ్మను బల్ల మీద పడుకోబెట్టి, కాసేపు కదలకుండా ఉండమని, బీపీ చూసింది. పై అంకె నూట నలభై రెండు. తర్వాత లేపి నిలబెట్టి, పట్టీ తీయకుండానే మళ్లీ చూసింది. నూట నాలుగు. అమ్మ కళ్లు ఎక్కడో ఉన్నాయి.

"మాషీమా, ఇందాక నేను చెప్పిన మూడు వస్తువులూ ఏమిటి?"

అమ్మ పెదాలు కదిలాయి. మాట రాలేదు. నా భుజం మీద ఆమె చెయ్యి బరువుగా పడింది. వెంటనే కూర్చోబెట్టాం. కాసిని నీళ్లు తాగాక, ఎవరూ అడగకుండానే మూడు పేర్లూ చెప్పేసి, "ఇందాకే సెప్పినాను కదా, మళ్లీ ఏల అడుగుతాది?" అని విసుక్కుంది.

డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పింది. మనిషి లేచి నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. రక్తనాళాలు వెంటనే బిగిసి దాన్ని పైకి తోయాలి. వయసు మీదపడ్డాక, కొన్ని మాత్రలు వేసుకుంటున్నప్పుడు, ఒంట్లో నీరు తక్కువైనప్పుడు ఆ బిగింపు ఆలస్యమవుతుంది. ఆ కాసేపు తలకు అందాల్సినంత రక్తం అందదు. కొందరికి కళ్లు తిరుగుతాయి. కొందరు పడిపోతారు. కొందరికి పైకి ఏమీ కనిపించదు, ఆలోచన మాత్రం మసకబారుతుంది. పై అంకె ఇరవై పడినా పట్టించుకోవాలట. అమ్మకు దాదాపు అంతకు రెట్టింపు పడుతోంది.

"అయితే మతిమరుపు కాదా?" అన్నాను.

"అలా మాట ఇవ్వలేను దీదీ. వయసు వల్ల వచ్చే మరుపు కూడా కొంత ఉండొచ్చు. ఇలా రోజూ పడుతూ ఉండడం మెదడుకూ మంచిది కాదు. ముందు దీన్ని సరిచేద్దాం. మిగిలిందేమిటో అప్పుడు కనిపిస్తుంది."

కాళ్ల వాపుకని ఇంకెక్కడో రాయించుకున్న మాత్ర ఒకటి అమ్మ వేసుకుంటోంది. ఒంట్లో నీరంతా మూత్రంలో పోయేలా చేసేది. డాక్టరమ్మ దాన్ని ఆపించి, బీపీ మాత్ర వేళ మార్చింది. రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారని అమ్మను అడిగింది.

"తాగితే దిగొద్దేటి?" అంది అమ్మ.

ఆ జవాబు నేను విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మేముండేది మేడమీద గది. మరుగుదొడ్డి కింద, అన్ని వాటాలకూ కలిపి. అమ్మ కొన్నేళ్లుగా మెట్లు దిగడం ఇష్టంలేక నీళ్లు తాగడం మానేసింది. మా పేటలో చాలామంది పెద్దవాళ్లు ఇదే చేస్తారు. దాన్ని ఎవరూ తప్పనుకోరు, పొదుపనుకుంటారు.

అన్నకు ఫోన్‌లో అంతా చెప్పాను. మర్నాడు మరుగుదొడ్డికి బదులు గదిలోనే పెట్టుకునే చిల్లు కుర్చీ ఒకటి ఆటోలో వేసుకుని వచ్చాడు. అమ్మ దాన్ని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"కొడుకు తల్లికి కుర్చీ ఏస్తాడంటే ఇదేటీ?"

"కూకుని నీళ్లు తాగమ్మా. రాజకుర్చీ అనుకో," అన్నాడు అన్న.

డాక్టరమ్మ రాసిన బిగుతు మేజోళ్లు తొడుగుతుంటే ఇంకో గొడవ. "ఇవేటే? నానేటి ఫుట్‌బాల్ ఆడాలా?" అంటూనే తొడిగించుకుంది. లేచే ముందు మంచం అంచున కూర్చుని మడమలు ఆడించాలి, నిలబడ్డాక ఏదైనా పట్టుకుని ఆగాలి, కళ్లు తేటపడ్డాకే అడుగు వేయాలి. ఈ మూడూ అమ్మకు అలవాటు చేయడానికి నాకు వానాకాలం అంతా పట్టింది.

అమ్మ మెల్లగా తేరుకుంది. అన్నీ సర్దుకున్నాయని చెప్పను. కూర్చుని ఉండగానే పప్పులో రెండుసార్లు ఉప్పు వేసిన రోజులున్నాయి. ఫోన్ ఎక్కడ పెట్టిందో వెతుక్కోవడం ఉండనే ఉంది. కానీ తలుపు దగ్గర మనిషిని పోల్చుకోకపోవడం, ఇది ఎవరిల్లని అడగడం పోయాయి.

పెళ్లి దగ్గరపడింది. అమ్మ చేత పిలిపిద్దామని నేను లిలువా వెళ్లి అడిగాను. వదిన ఒప్పుకోలేదు.

"కూకుంటే గుర్తుంటాది, లెగిస్తే మరిచిపోద్దా? ఇదెక్కడి రోగమే?"

"అయితే కూర్చునే పిలుస్తుంది వదినా."

"ఇంటికొచ్చీ చుట్టానికే లెగుస్తాం కదా. పెద్దల్ని కూకుని పిలుస్తారేటి?"

ఇంటికి వచ్చి అమ్మతో అంటే ఆమె కూడా వదిన వైపే మాట్లాడింది. "అది నిజిమే సెప్పినాది. మా మావ వస్తే నాను కూకుంటానా? సిగ్గు లేదేటి?" కుర్చీ మాట అక్కడితో పోయింది.

మధ్యేమార్గమని మా మేనకోడలు ఫోన్‌లో పేర్లు ఎక్కించుకుంది. పెళ్లికూతురే ఆ పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. అమ్మ చెబుతుంటే బెంగాలీ అక్షరాల్లో రాసుకుంది. చదివి వినిపించమంటే మా తాతల పేర్లన్నీ గుండ్రంగా, ఓకారాలు తిరిగి, హూగ్లీ ఒడ్డున పుట్టినవాళ్ల పేర్లలా వచ్చాయి. అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు.

"ఆ పిలుపుకి ఆళ్లు పలకరమ్మా. ఎవుళ్నో పిలుస్తన్నారనుకుంటారు."

ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టి, వాళ్లమ్మ వంక తిరిగింది. "అమ్మా, మామ్మే పిలుస్తాది. పెళ్లి నాది."

వదిన నా వైపు తిరిగింది. "మళ్లీ అలగయ్యిందో, నీతో మాటాడను. జల్మలో," అంది. అంత భయంలోనూ ఒప్పుకుందంటే అది చిన్న విషయం కాదు.

పెద్దలకు పెట్టే రోజు గారెల పని అమ్మకు ఇవ్వలేదు. ఉపవాసం మాననంది. నీళ్లు తాగితే ఉపవాసం చెడదని, వాళ్లత్తగారు కూడా తాగేదని తానే గుర్తుతెచ్చుకుని, పొద్దుటి నుంచీ గ్లాసు తర్వాత గ్లాసు తాగింది. ఎత్తు బల్ల మీద కూర్చుంది. అన్నీ సర్దడం అయ్యాక మడమలు ఆడించుకుని, లేచి, కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. కొంగు కప్పుకుంది.

నిలబడి, మాట్లాడలేదు.

సాంబ్రాణి పొగ పైకి పోతోంది. అన్న కొబ్బరికాయతో పక్కనే ఉన్నాడు. ఈసారి ఒక అడుగు వెనక్కు జరిగి నిలబడ్డాడు. అమ్మ నోరు తెరవడం లేదు. బంధువుల్లో ఎవరో దగ్గారు. వదిన నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్లు గుచ్చుకునేంత గట్టిగా. మరిచిపోయిందని అక్కడున్న అందరూ అనుకున్నారు. నేను ఆమె కళ్లే చూస్తున్నాను. అమ్మ ఆగింది, అంతే. తేటపడే దాకా ఆగమన్నారు కాబట్టి, తొందరపెట్టేవాళ్లు ఎందరున్నా ఆగింది. అంతసేపు మౌనంగా నిలబడ్డానికి ఆమెకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో!

తర్వాత ఊచ వదిలి చేతులు జోడించింది.

మామగారిని పిలిచింది. అత్తగారిని పిలిచింది. ఊళ్లో ఉండిపోయి అక్కడే పోయినవాళ్లను, డాక్‌లో బస్తా జారి పోయిన మరిదిని, వెనకా ముందూ ఎవరూ లేని మా నాన్న స్నేహితుణ్ని కూడా పిలిచింది. గొంతు ఎక్కడా తడబడలేదు. మా నాన్నను పిలిచాక ఆగింది. వదిన గోళ్లు ఇంకా లోపలికి దిగాయి. అమ్మ కళ్లు తెరిచి పక్కకు తిరిగింది.

"నువ్వు కాదులేరా. ఏల అలగ సూస్తావు? నీకింకా ఇక్కడ ఆకు ఎయ్యలేదు. కాయ కొట్టు."

ఆమెకు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో నాకు తెలియదు. అన్న ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. కాయ ఒక్క దెబ్బకే పగిలింది. వదిన నా చెయ్యి వదిలి, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ బల్ల తెచ్చి అమ్మ వెనక వేసింది.

"కూకో అత్తా. ఇంక కూకో."

అమ్మ కూర్చోబోతుంటే వదిన ఆమె భుజం పట్టుకుని ఆపింది. వదిన వాళ్లమ్మ పోయి రెండేళ్లయింది. కోడలి తరఫువాళ్లను మా పెద్దల వరుసలో పిలిచే ఆచారం లేదు. వదిన గొంతు తగ్గించి, "అత్తా, మా అమ్మనీ ఒక్కపాలి పిలు," అంది.

అమ్మ మళ్లీ ఊచ పట్టుకుంది. కాసేపు ఆగింది. ఈసారి ఎవరూ దగ్గలేదు. ఆ తర్వాత వదిన తల్లిని, ఇంటిపేరుతో సహా, పక్క సందులోంచి పిలిచినట్టు పిలిచింది.